వణికే చేయి - విద్యుత్తుతో చికిత్స

చేతిపనితో బ్రతికేవారికి చేయి వణకడం కంటె పెద్ద ఆపద మరొకటి లేదు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుండి మన పెద్దలు ఈ భివండీకి వచ్చినప్పుడు వెంట తెచ్చుకొన్న ఆస్తి రెండు చేతులే. ఆ చేతులే తెగిన పోగులు అతికినవి, కండెలు చుట్టినవి, పద్మానగరులోను కామత్‌ఘరులోను ఇళ్లు నిలబెట్టినవి, పిల్లలను చదివించినవి. అటువంటి చేయి ఏబదవ ఏటనో అరువదవ ఏటనో మాట వినక వణకసాగితే ఆ ఇంటివారు ఏమి చేయాలి?

కొందరు భయంతోను, కొందరు సిగ్గుతోను, కొందరు ఖర్చుకు జంకియు ఊరకుండిపోతున్నారు. మరికొందరు "మెదడులో కరెంటు పెట్టి వణుకు ఆపుతారట" అని ఎవరో చెప్పగా విని, ఉన్నదంతా అమ్మి పరుగెత్తడానికి సిద్ధపడుతున్నారు. ఈ రెండు దారులూ మంచివి కావు. మేము వైద్యులము కాము. ఆఫీసులో గుమాస్తా పని చేసుకొనేవారము. ఐనా ఈ విషయమై చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించినంతవరకు పాఠక సోదరీ సోదరుల ముందు పెడుతున్నాము. ఇది చదివి ఎవరూ తమంతట తాము మందు మొదలుపెట్టవద్దు, ఉన్న మందు మానవద్దు అని ముందే మనవి.

వణుకులన్నీ ఒకటి కావు

చేయి వణికితే చాలు, "పక్షవాతం వస్తున్నది" అని ఒకరు, "తాగుడు ఎక్కువైంది" అని ఒకరు తీర్పు చెప్పేస్తారు. నిజానికి వణుకుకు కారణాలు అనేకం. వానిలో మనకు ఎక్కువగా కనిపించేవి రెండు.

మొదటిది పార్కిన్సన్ జబ్బు. 1817లో లండనులో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు దీనిని గురించి చిన్న పుస్తకం వ్రాసినందున ఆయన పేరే దీనికి నిలిచింది. మన ఆయుర్వేదంలో కంపవాతమని వర్ణించినది చాలావరకు ఇటువంటిదే. ఇందులో చేయి పని చేయక ఊరక ఒడిలో పెట్టుకొని కూర్చున్నప్పుడు వణుకు ఎక్కువ. బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిసి బీడీ చుట్టుతున్నట్లు కదులుతుంటవి. సెకనుకు నాలుగు నుండి ఆరుసార్లు. చేయి చాచి ఏదైనా పట్టుకోబోతే ఆ వణుకు కొంత తగ్గుతుంది. సాధారణంగా ఒక ప్రక్కనే మొదలై కొన్నాళ్లకు రెండవ ప్రక్కకు పాకుతుంది.

కాని వణుకు ఒక్కటే దీని గుర్తు కాదు. నడుస్తుంటే ఒక చేయి ఊగదు. ముఖంలో నవ్వూ కోపమూ కనిపించక బిగిసినట్లుంటుంది. గొంతు సన్నబడుతుంది. పనులన్నీ నెమ్మదిస్తవి. వాసన తెలియకపోవడం, మలబద్ధకం ఏండ్ల ముందే రావచ్చును. అక్షరాలు పోనుపోను చిన్నవౌతవి. ఇది మాబోటి గుమాస్తాలకు బాగా తెలిసే గుర్తు. బ్యాంకులో సంతకం కలవలేదని చెక్కు తిరిగివస్తే, మనిషి మారలేదు, చేయి మారిందేమో అని ఒక్కసారి ఆలోచించాలి.

రెండవ దానిని డాక్టర్లు ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. ఇది పార్కిన్సన్ కంటె ఎక్కువమందికి ఉంటుంది. ఇందులో చేయి ఊరకున్నప్పుడు నిలకడగానే ఉంటుంది. చాయ గ్లాసు ఎత్తినప్పుడు, పోగు అతకబోయినప్పుడు, సంతకం పెట్టబోయినప్పుడు వణుకు మొదలౌతుంది. తల కూడా కాదు కాదన్నట్లు ఊగవచ్చును. తరచు వంశంలో వస్తుంది. తాతకు ఉండి, తండ్రికి ఉండి, కొడుక్కు వస్తుంది.

ఈ రెండవదానిలో ఒక చిత్రమున్నది. కొంచెం కల్లో సారాయో కడుపులో పడితే వణుకు కాసేపు తగ్గుతుంది. అందుచేత కొందరు దానినే మందుగా మరుగుతారు. మందు దిగగానే వణుకు మునుపటికంటె ఎక్కువగా వస్తుంది. చూసేవారు "తాగి తాగి వణుకుతున్నాడు" అంటారు. మొదట వణుకు వచ్చిందా, మొదట తాగుడు వచ్చిందా అని అడిగేవారుండరు. కార్ఖానాలో ఈ మాట ఒకసారి పుట్టిందంటే ఆ మనిషికి సాంచాల మీద పని దొరకదు.

ఇవి గాక థైరాయిడు ఎక్కువైనా చేయి వణుకుతుంది. ఉబ్బసపు మందులతో వణుకుతుంది. తల తిరుగుడుకని, వాంతులకని దుకాణంలో కొని నెలల తరబడి మింగే కొన్ని బిళ్లల వలన అచ్చంగా పార్కిన్సన్ వంటి లక్షణాలే వస్తవి. ఆ బిళ్లలు డాక్టరు మాన్పిస్తే చాలామందికి క్రమంగా తగ్గిపోతవి. పడుచువారికి వణుకు వస్తే కాలేయానికి సంబంధించిన విల్సన్ జబ్బేమో చూడాలి. దానికి మంచి మందులున్నవి, ఆలస్యమైతే మాత్రం ప్రమాదం. కాబట్టి మొదట తెలియవలసినది ఏ చికిత్స అని కాదు, ఏ వణుకు అని.

దూలగొండి గింజలో దొరికిన మందు

మెదడు అడుగుభాగాన ఒక చిన్న నల్లని చోట కొన్ని కణాలు డోపమిన్ అనే ద్రవ్యాన్ని తయారుచేస్తుంటవి. మన కదలికలు సాఫీగా సాగడానికి అది కావాలి. పార్కిన్సన్ జబ్బులో ఆ కణాలు క్రమంగా నశిస్తవి. వణుకు బయటపడేసరికే సగానికి పైగా పోయి ఉంటవని చెప్తారు.

ఊళ్లో చేను గట్ల మీద దూలగొండి కాయ తగిలి ఒళ్లంతా గోక్కోని పల్లెటూరి పిల్లవాడుండడు. ఆ దూలగొండి గింజల నుండి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు లీవోడోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. అప్పటికి అది దేనికి పనికివస్తుందో లోకానికి తెలియదు. 1957లో స్వీడన్ దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్ డోపమిన్ లోపించి కదలిక పోయిన జంతువులు లీవోడోపాతో తిరిగి కదలడం చూపించాడు. ఆయనకు 2000లో నోబెల్ బహుమానం వచ్చింది. 1967లో అమెరికాలో కొట్జియాస్ అనే వైద్యుడు దానిని తగిన మోతాదులో రోగులకిచ్చి గొప్ప ఫలితం చూశాడు. నేటికీ పార్కిన్సన్‌కు దానిని మించిన మందు లేదు. సిండోపా వంటి పేర్లతో మన మందుల షాపులలో దొరికేది అదే, కార్బిడోపాతో కలిపి. గింజల్లో ఉన్నది గదా అని దూలగొండి పొడి కొని, బిళ్లలతో కలిపి మింగడం మాత్రం పనికిరాదు. మోతాదు ఎంత పడిందో ఎవరికీ తెలియదు.

ఎసెన్షియల్ ట్రెమర్‌కు మందులు వేరు. ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ అనేవి వాడతారు. ఉబ్బసమున్నవారికి మొదటిది పడదు. అందుకే పక్కింటివారి చీటీ చూసి మందు కొనరాదు.

లీవోడోపా మొదటి కొన్నేండ్లు అద్భుతంగా పనిచేస్తుంది. తరువాత ఒక్కొక్క మోతాదు బలం తక్కువసేపు నిలుస్తుంది. మందు దిగితే మనిషి కొయ్యబారుతాడు. మందు ఎక్కితే చేతులు కాళ్లు తమకు తాము మెలికలు తిరుగుతవి. దినానికి ఐదారుసార్లు బిళ్ల వేసుకొన్నా మధ్యమధ్య గంటలకొద్దీ కదలలేని స్థితి వస్తుంది. అప్పుడే ఆపరేషన్ మాట వస్తుంది.

మెదడులో తీగ

వెనుకటి రోజుల్లో వణుకు ఆపడానికి మెదడులో ఒక చిన్న చోటును కాల్చివేసేవారు. ఆ పని చేసేముందు సరియైన చోటు ఔనా కాదా అని తెలుసుకోవడానికి సన్నని తీగతో విద్యుత్తు పంపి చూసేవారు. 1987లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగరంలో డాక్టరు బెనబీడ్ అలా పరీక్షిస్తూ ఒక విషయం గమనించాడు. సెకనుకు నూరుసార్లకు పైబడి విద్యుత్తు పంపితే వణుకు అప్పటికప్పుడే ఆగిపోతున్నది, ఆపితే తిరిగివస్తున్నది. కాల్చిన చోటు మళ్లీ రాదు. తీగను మాత్రం అక్కడే ఉంచి విద్యుత్తును పెంచనూవచ్చు, తగ్గించనూవచ్చు, ఆపనూవచ్చు. ఈ ఆలోచన నుండి పుట్టినదే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, పొట్టిగా డి.బి.ఎస్. 1997లో అమెరికా ప్రభుత్వం వణుకుకు, 2002లో పార్కిన్సన్ ఇతర లక్షణాలకు దీనిని అనుమతించింది. 2014లో బెనబీడ్‌కు, మెదడులో ఈ దారులను కనిపెట్టిన డీలాంగ్‌కు కలిపి లాస్కర్ బహుమానం ఇచ్చారు.

మన దేశం ఈ విషయంలో మరీ వెనుకబడి లేదు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1950లో డాక్టరు రామమూర్తి నెలకొల్పిన నరాల శస్త్రచికిత్స శాఖలో ఇటువంటి సూక్ష్మమైన పనులు నడిచినవి. అక్కడ పనిచేసిన డాక్టరు టి. ఎస్. కనక మన దేశపు తొలి మహిళా న్యూరోసర్జను. 1970లలోనే ఆమె మెదడులో తీగలు అమర్చే ప్రయోగాలు చేసింది. ఆమె 2018లో కాలం చేసింది. నేడు మనకు దగ్గరగా బొంబాయి జస్‌లోక్ ఆసుపత్రిలో డాక్టరు పరేష్ దోషీ 1990ల చివరినుండి ఈ ఆపరేషన్లు చేస్తూ పేరు పొందారు. మన రాజధాని హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిలోను, మరి కొన్ని ఆసుపత్రులలోను చేస్తున్నారు.

పని జరిగే తీరు ఇది. తలకు ఒక చట్రం బిగించి, ఎం.ఆర్.ఐ., సి.టి. చిత్రాలతో మెదడులో చోటును మిల్లీమీటరుతో సహా లెక్క కడతారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి సుమారు 1.3 మిల్లీమీటర్ల మందం గల తీగను లోపలికి దించుతారు. మెదడుకు నొప్పి తెలియదు కనుక చాలాచోట్ల రోగిని మేలుకొనే ఉంచుతారు. వణుకు బయటపడేందుకు ముందురాత్రి నుండి మందు ఆపుతారు. "చేయి ఎత్తండి, లెక్క పెట్టండి, పేరు చెప్పండి" అంటూ విద్యుత్తు పంపి చూస్తారు. చోటు కుదిరితే చేయి అక్కడికక్కడే నిలుస్తుంది. తరువాత మత్తు ఇచ్చి, ఛాతీ పైభాగాన చర్మం క్రింద అగ్గిపెట్టె అంత పెట్టెను అమర్చి, చెవి వెనుకగా మెడలోంచి తీగను దానికి కలుపుతారు. గుండెకు పెట్టే పేస్‌మేకరు వంటిదే అనుకోండి.

మన సాంచా నిమిషానికి నూటయాభై పోట్లు వేస్తుంది. ఈ పెట్టె సెకనుకు సుమారు నూటముప్ఫయి సార్లు విద్యుత్తు పంపుతుంది. కాని బలం రెండు మూడు వోల్టులే, టార్చిలైటు సెల్లుల పాటిది. కరెంటు అనగానే షాకు కొడుతుందేమో అని భయపడనక్కరలేదు.

ఆపరేషన్ ఐన మరునాడే అంతా ఐపోదు. కొత్త సాంచా బిగించిన తరువాత జాబర్ వచ్చి ఇక్కడ ఒక మర త్రిప్పి, అక్కడ ఒకటి సడలించి, గుడ్డ చూసి, మళ్లీ త్రిప్పుతాడు గదా, అదే విధంగా రెండు నాలుగు వారాల తరువాత మొదలుపెట్టి డాక్టరు బయటినుండి యంత్రంతో విద్యుత్తు మోతాదు సరిచేస్తూ పోతారు. నెలల తరబడి తిరగవలసి ఉంటుంది. భివండీ నుండి కల్యాణికో ఠాణాకో పోయి లోకలెక్కే మనకు ఈ తిరుగుడు కూడా లెక్కలోకి రావాలి.

ఎవరికి, ఎవరికి కాదు

ఈ చికిత్స జబ్బును మాన్పదు. జబ్బు ముదరడాన్ని ఆపదు. ఈ మాట ప్రతి ఇంటివారూ ముందుగా గుర్తుంచుకోవాలి. వణుకు, బిగుతు, నెమ్మది, మెలికలు తగ్గుతవి. పార్కిన్సన్‌లో సాధారణంగా లీవోడోపాతో ఏది బాగుపడుతుందో అదే దీనితోనూ బాగుపడుతుంది. వణుకు మాత్రం మందుకు లొంగకున్నా దీనికి లొంగవచ్చును. మందు వేసుకొన్నా నడకలో పడిపోతున్నవారికి, మాట ముద్దగా ఉన్నవారికి, మతి తప్పుతున్నవారికి దీనివలన మేలు తక్కువ, ఒక్కొక్కప్పుడు కీడు కూడా. మనసు బాగా క్రుంగినవారికి ముందు దానికి చికిత్స జరగాలి. ఎసెన్షియల్ ట్రెమర్‌లో మందులకు లొంగక, స్వయంగా అన్నం తినలేని స్థితికి వచ్చినవారికి ఇది మంచి ఫలితమిస్తుంది.

ప్రమాదాలు లేకపోలేదు. నూటికి ఒకరిద్దరికి మెదడులో రక్తం చిమ్మవచ్చు. కొద్దిమందికి పెట్టె ఉన్నచోట చీము పట్టి దానిని తీసివేయవలసి వస్తుంది. మాట కొంత తడబడవచ్చు. మామూలు బ్యాటరీ మూడు నుండి ఐదేండ్లకు ఐపోతే పెట్టె మార్చాలి. చార్జి చేసుకొనే రకం ఎక్కువ ఏండ్లు నిలుస్తుంది కాని ధర ఎక్కువ. పెట్టె ఉన్నవారికి నొప్పులకని డయాథర్మీ అనే వేడి చికిత్స ఎన్నడూ చేయరాదు, అది ప్రాణాపాయం. ఎం.ఆర్.ఐ. తీయవలసివస్తే ముందుగా పెట్టె సంగతి చెప్పి తీరాలి.

పుర్రెకు రంధ్రం చేయకుండ శబ్దతరంగాలను ఒకచోట కేంద్రీకరించి కాల్చే పద్ధతికి 2016లో అమెరికాలో ఎసెన్షియల్ ట్రెమర్‌కు అనుమతి వచ్చింది. అందులో తీగ లేదు, పెట్టె లేదు. కాల్చిన చోటు మాత్రం తిరిగి రాదు.

పొలమా, చెయ్యా

ఇక అసలు చిక్కు డబ్బు. పెట్టె రకాన్నిబట్టి, ఆసుపత్రినిబట్టి ఖర్చు అనేక లక్షలు. పది లక్షలు దాటడం మామూలే. పగారు మీద బ్రతికే ఇంటికి ఇది మాటలు కాదు.

మా వాడలోనే ఒక ఇంటి సంగతి చెప్తాము. తండ్రికి ఏబది ఎనిమిదేండ్లు. ముప్ఫయేండ్లు సాంచాలు నడిపిన మనిషి. కుడిచేయి వణుకుతో పని మానుకొన్నాడు. కొడుకు వార్పింగులో పనిచేస్తాడు. ఆపరేషన్ సంగతి విని, ఊళ్లో ఉన్న రెండెకరాలు బేరం పెట్టాడు. ఆ సాయంత్రం మమ్ములను పిలిచారు.

"నా చెయ్యి కోసం పొలం అమ్ముడేందిరా? మీ అవ్వ పుస్తె అమ్మి కొన్న భూమి అది" అన్నాడు తండ్రి.

"భూమి మల్ల కొనొచ్చు బాపూ. నువ్వు నీ చేత్తోని బువ్వ తినుడు నేను జూడాలె" అన్నాడు కొడుకు.

కోడలు గడప దగ్గర నిలబడి, "మామకు నేను తినబెడ్తనే ఉన్న. తినబెట్టుడు నాకు బరువు గాదు. ఆయనకే కండ్లల్ల నీళ్లొస్తయి" అన్నది. దానికి బదులు చెప్పగలవారు మాలో ఎవరూ లేకపోయారు.

మేము చెప్పినది ఒకటే: బేరం ఒక నెల ఆపండి, ముందు కదలిక జబ్బులు తెలిసిన నరాల డాక్టరుకు చూపించండి. బొంబాయికి తీసుకుపోయారు. డాక్టరు మందుల సంచీ అంతా బల్లమీద పోయించి చూశారు. బిళ్లలు అన్నంతో పాటు వేసుకొంటున్నాడు, పప్పు గుడ్డు ఎక్కువ తిన్నపూట మందు పట్టడం లేదు. చేయి కొంచెం నిలకడగా ఉన్ననాడు మందు మానేస్తున్నాడు. దానికి తోడు తల తిరుగుడుకని రెండేండ్లుగా దుకాణంలో కొని వేస్తున్న బిళ్ల ఒకటి వణుకును పెంచుతున్నది. ఆ బిళ్ల మాన్పించారు. అన్నానికి అరగంట ముందు, గడియారం చూసి మందు వేయమన్నారు. మోతాదు సవరించారు. "ఇప్పుడు ఆపరేషన్ అవసరం లేదు, మందు బలం తగ్గిన రోజు వస్తే అప్పుడు మళ్లీ మాట్లాడుదాము" అన్నారు.

మూడు నెలలకు చేయి పూర్తిగా నిలవలేదు కాని గ్లాసు నిలిచింది. సాంచా మీదికి పోలేదు. ఇంటిదగ్గర కండెలు చుట్టే పని చూసుకొంటున్నాడు. పొలం ఉన్నది. జబ్బూ ఉన్నది. రేపు ఆ రోజు వస్తే పొలం మాట మళ్లీ వస్తుంది. అప్పుడు అమ్మడమే న్యాయం కావచ్చును. ఐతే అప్పుడు అమ్మేది తెలిసి అమ్ముతారు.

హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకొన్న మా బంధువు ఒకామె కూడా ఉన్నది. తల గొరిగించినందుకు మొదట నెలరోజులు గది దాటి రాలేదు. నేడు తన చాయ తాను త్రాగుతుంది, తన జడ తాను వేసుకొంటుంది; బిళ్లలు సగమైనవి. మాట మాత్రం కొంచెం ముద్దగా వస్తుంది, నడకలో భయం పోలేదు. "మళ్లీ ఐతే చేయించుకొంటావా వదినా?" అని మా ఇంట్లో అడిగితే, "జడ కోసమైనా చేయించుకొంటాను" అన్నది.

డబ్బుకు దారులు వెదకాలంటే ఒక మాట. మహారాష్ట్రలో ధర్మాదాయ ట్రస్టుల పెద్ద ఆసుపత్రులు నూటికి పది పడకలు బీదవారికి ఉచితంగాను, మరి పది తక్కువ ఖర్చుతోను ఇవ్వాలని చట్టమున్నది. రేషను కార్డు, ఆదాయపు దాఖలా తీసుకొని ఆ ఆసుపత్రిలోని సోషల్ వర్కరును కలిసి, పెట్టె ఖర్చుతో సహా ఏది వర్తిస్తుందో వ్రాతపూర్వకంగా అడగాలి. ఆపరేషన్ ఖర్చు ఒక్కటే గాక, ఐదేండ్ల తరువాత బ్యాటరీ ఖర్చు, తిరుగుడు ఖర్చు కూడా కాగితం మీద వేసుకొని చూడాలి.

ఇంటివారు చేయవలసినది

ఏ చికిత్స చేయించినా చేయించకున్నా ఇంట్లో చేయగల పనులున్నవి. వణుకు ఎప్పుడు, ఏ ప్రక్క, ఏ పనిలో ఎక్కువ, మందు వేసిన ఎంతసేపటికి తగ్గింది అని ఒక నోటుబుక్కులో రోజూ వ్రాయండి. డాక్టరుకు అంతకంటె విలువైన సాక్ష్యం లేదు. మింగే ప్రతి బిళ్లనూ, ఆకుమందునూ వెంట తీసుకుపోండి. సగమే నింపిన బరువైన గ్లాసు ఇవ్వండి. రోజూ నడిపించండి, గట్టిగా చదివించండి. తొందరపెట్టకండి, తొందరపెడితే వణుకు పెరుగుతుంది. పెండ్లి పంక్తిలో చేయి వణికితే నలుగురూ అటే చూడకండి. ఈ చూపులకు జంకి పెండ్లిండ్లకు రావడం మానుకొన్న పెద్దవారు మనలో ఉన్నారు.

బొంబాయిలో డాక్టరు బి. ఎస్. సింఘాల్ 2001లో స్థాపించిన పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిసార్డర్ సొసైటీ రోగులను, ఇంటివారిని ఒకచోట చేర్చి వ్యాయామం, మాట సాధన, సలహా ఉచితంగా ఇస్తున్నది. జేమ్స్ పార్కిన్సన్ పుట్టిన ఏప్రిల్ 11వ తేదీని లోకమంతా ఈ జబ్బు దినంగా పాటిస్తున్నారు. ఆ రోజున మన సంఘం భవనంలో ఒక నరాల డాక్టరును పిలిపించి, తెలుగులో అడిగి తెలుగులో తెలుసుకొనే ఏర్పాటు చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి మా మనవి. మన అవ్వలకు డాక్టరు మరాఠీ అర్థమైనా, తమ బాధ మరాఠీలో చెప్పుకోవడం రాదు.

ఈ చికిత్స చేయించుకొన్నవారు, చేయించవద్దని నిశ్చయించుకొన్నవారు తమ అనుభవాన్ని సంఘం కార్యాలయానికి నాలుగు ముక్కలు వ్రాసి పంపితే, పేర్లు లేకుండ వచ్చే సంచికలలో ప్రకటించవచ్చును. చేయి వణికి వ్రాయలేనివారికి ఆదివారాలు మేము వచ్చి వ్రాసిపెడతాము.